పిల్లల్ని చూసే ఇల్లాలికి పద్దు పుస్తకం లేదేం?

మండల కేంద్రాల్లోనూ, పెద్ద గ్రామాల్లోనూ టీచర్లు, నర్సులు, దుకాణాల్లో పనిచేసే స్త్రీలు పొద్దున్నే పసిపిల్లల్ని ఇరుగింటి ఇల్లాలికి అప్పగించి పనిలోకి పోతున్నారు. చీకటిపడే వేళకు వచ్చి తీసుకుపోతున్నారు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు ఊరూరా వెలిసినా, మూడేళ్లు నిండని బిడ్డను రోజంతా వుంచుకునే ఏర్పాటు చాలాచోట్ల లేదు. ఆ లోటును ఈ ఇల్లాళ్లే తీరుస్తున్నారు. కాని నెల తిరిగేసరికి చేతికి మిగిలిందెంత అని అడిగితే జవాబు చెప్పగలిగేవారు అరుదు.

లెక్క రాయడం పల్లె ఆడవాళ్లకు చేతకాదనడానికి వీల్లేదు. పాలు రాని రోజున గోడ కేలెండరు మీద సున్నా చుట్టేది వారే. పెళ్లి చదివింపుల పుస్తకం ఇరవై ఏళ్లయినా పెట్టె అడుగున భద్రంగా వుంటుంది. ఎవరు 116 చదివించారో, ఎవరు స్టీలు బిందె ఇచ్చారో అందులో చూసే తిరిగి పెడతారు. పొదుపు సంఘాల పంచసూత్రాలలో పుస్తకాలు సక్రమంగా రాయడం కూడా ఒకటి. సంఘం పుస్తకం రూపాయి తేడా లేకుండా రాసే మనిషే, తన పనికి వచ్చేసరికి వచ్చిన డబ్బు పోపుల డబ్బాలో వేసి, పిల్లల పాలకూ, భర్త దారి ఖర్చుకూ, చీటీకీ అందులోంచే తీస్తున్నది. చిక్కంతా అక్కడే వున్నది.

ఒక ఇల్లాలు ఆరుగురు పిల్లల్ని చూస్తూ తలకు నెలకు 1,500 తీసుకుంటున్నదనుకుంటే, జమ 9,000. ఇంట్లో కూర్చుని తొమ్మిది వేలు సంపాదిస్తున్నదని వీధంతా అనుకుంటుంది. ఇక ఖర్చు చూడాలి. లీటరు పాలు 60 చొప్పున 26 రోజులకు 1,560. బియ్యం, పప్పు, కూరగాయలు 1,800. బిస్కెట్లు, అరటిపండ్లు 600. సబ్బులు, ఫినాయిలు 300. కరెంటు 200, గ్యాసు 225, ఫ్యాను వంతు 100. మొత్తం 4,785. మిగిలింది 4,215, అంటే రోజుకు 162 రూపాయలు. పది గంటలు చంకన బిడ్డతో నిలబడినందుకు!

గ్యాసులో పిల్లల వంతు ఎంతో ఎలా తెలుస్తుందని చాలామంది అక్కడే ఆగిపోతారు. బండ తగిలించిన తేదీ రాసుకుంటే చాలు. ఇదివరకు ఇంటికి 60 రోజులు వచ్చే బండ ఇప్పుడు 40 రోజులకే అయిపోతే, మూడో వంతు పిల్లల పద్దు. బండ 900 అయితే 40 రోజులకు 300, నెలకు 225. కరెంటు బిల్లును కిందటేడు అదే నెల బిల్లు పక్కన పెట్టి చూడాలి. ఫ్యాను, చాపలు, ఉయ్యాల వంటివి ఒక్క నెల ఖర్చులో వేయరాదు. 2,400 పెట్టి కొన్న ఫ్యాను రెండేళ్లన్నా తిరుగుతుంది గనుక నెలకు 100 చాలు. కిరాణా కొట్టులో రశీదు ఇవ్వకపోతే ఆ పూటే పుస్తకంలో దింపుకోవాలి, రేపటికి గుర్తుండదు. షావుకారు మాదిరి చిఠ్ఠా, ఆవర్జా అక్కరలేదు. నోటుపుస్తకంలో ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. ఏ బిడ్డ ఏ రోజు రాలేదో కూడా రాస్తే నెలాఖరున తల్లిదండ్రులతో మాట తేడా రాదు.

పసిపిల్లల ముద్దకు లెక్క కడతారా, దిష్టి తగలదా అని పెద్దవాళ్లు గదమాయిస్తారు. ఆ మాటలో ఆపేక్ష వుంది, కాదనలేం. అయితే లెక్క లేనిచోట డబ్బు చాలకపోతే ముందుగా జరిగేదేమిటి? లీటరు పాలు ముప్పావు లీటరవుతాయి, తక్కినది నీళ్లు. ఆ నష్టం పడేది పసివాళ్ల మీదనే.

రాస్తే ఆదాయపు పన్ను వాళ్లు వస్తారన్న భయం మరొకటి. 2025-26 నుంచి కొత్త విధానంలో ఏడాదికి 4 లక్షల దాకా ఆదాయంపై పన్ను లేదు. పై లెక్కలో మిగిలేది ఏడాదికి 50 వేల చిల్లర! పైపెచ్చు 2015లో వచ్చిన ముద్ర పథకంలో 50 వేల వరకు శిశు రుణం అడగబోయినప్పుడు, బ్యాంకులో ముందు పడే ప్రశ్న నెల రాబడి ఎంత అనే. అక్కడ పోపుల డబ్బా చూపించలేరు కదా.

పుస్తకం చేతిలో వున్ననాడు తల్లిదండ్రులను కూర్చోబెట్టి, తలకు 500 పెంచమని అడగవచ్చు. వారు ఒప్పుకుని 2,000 ఇచ్చినా, ఖర్చు పోను రోజుకు పడేది 277 రూపాయలు. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి 307గా ప్రకటించారు. దానికి ఇంకా 30 తక్కువే.