ఆంక్షల నీడన 84 గ్రామాలు.. గడువు లేని సమీక్షతో ఎవరికి మేలు?

రంగారెడ్డి జిల్లాలోని జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో ఇళ్ల నిర్మాణంపై చర్చ మూడు దశాబ్దాలుగా కొనసాగుతూనే ఉంది. శాస్త్రీయమైన ప్రణాళిక సిద్ధమయ్యే వరకు కాలనీలకు అనుమతులివ్వరాదని పర్యావరణవేత్తలు పట్టుబడుతున్నారు. ఇప్పటికే ఒక తరం నష్టపోయిందని, ఆంక్షలు పూర్తిగా ఎత్తివేయాలని స్థానిక రైతులు కోరుతున్నారు. ఇరుపక్షాల వాదనలోనూ న్యాయం ఉంది. అయితే నిర్మాణాలను ఎంతకాలం ఆపాలి, ఆ వ్యవధిలో ఏమి తేల్చాలి అన్న అసలు ప్రశ్నకు ప్రభుత్వాలేవీ సూటిగా సమాధానం చెప్పలేదు.

వరద నేర్పిన పాఠం

1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌లో వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ విపత్తు అనంతరం నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువన జలాశయాలు నిర్మించాలని సూచించారు. ఫలితంగా మూసీపై 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీపై 1927లో హిమాయత్ సాగర్ రూపుదిద్దుకున్నాయి. మొదటి దాని సామర్థ్యం 3.90 టీఎంసీలు, రెండో దానిది 2.97 టీఎంసీలు. వరద నియంత్రణకు తలపెట్టిన ఈ జలాశయాలే ఆ తరువాత దశాబ్దాల పాటు నగరం దాహార్తిని తీర్చాయి.

నగరం పడమర దిశగా పెరగడంతో ఎనభయ్యో దశకం అనంతరం పరీవాహక ప్రాంతంపై ఒత్తిడి మొదలైంది. దీంతో 1994 మార్చి 31న అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 192 జీవో ద్వారా నిర్మాణాలను నిషేధించింది. నిపుణుల పరిశీలన అనంతరం 1996 మార్చి 8న 111 జీవో వెలువడింది. పూర్తిస్థాయి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల వరకు ఉన్న పరీవాహక ప్రాంతంలో కాలుష్య కారక పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలను నిషేధించింది. మొయినాబాద్, శంషాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల, షాబాద్, రాజేంద్రనగర్, కొత్తూరు మండలాల్లోని 84 గ్రామాలు, దాదాపు 1.32 లక్షల ఎకరాలు దీని పరిధిలోకి వచ్చాయి. పరిధిలోని ఒక నూనెల పరిశ్రమకు ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు చెల్లదని 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పడంతో ఈ ఆంక్షలకు మరింత బలం చేకూరింది.

నివేదికల కోసం నిరీక్షణ

కాలక్రమంలో సమీక్ష డిమాండ్ ఊపందుకుంది. 2016 డిసెంబరులో ప్రభుత్వం ఉన్నతస్థాయి కమిటీని నియమించింది. ఏళ్లు గడిచినా నివేదిక అందకపోవడంపై 2021లో హైకోర్టు తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేసింది. 2022 మార్చిలో శాసనసభలో ముఖ్యమంత్రి కేసీఆర్ 111 జీవోను ఎత్తివేస్తామని ప్రకటించారు. ఏప్రిల్ 12న 69 జీవో జారీ అయింది. జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతుతో ఆంక్షలను సడలిస్తూ, విధివిధానాల రూపకల్పనను ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి నేతృత్వంలోని మరో కమిటీకి అప్పగించారు. 2023 మేలో 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం మారింది. ఇలా నిర్ణయం ముందు, ప్రణాళిక తరువాత అన్న తీరుగా వ్యవహారం సాగింది.

రైతన్న గోడు

గండిపేట చెరువుకు కొద్ది దూరంలోని కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. మూడు దశాబ్దాల ఆంక్షల మాటున ఇటువైపు గ్రామాల రైతులు అందుకున్న ధరకు, దానికి పొంతన లేదు. బిడ్డ పెళ్లికో, వైద్య ఖర్చులకో అరెకరం అమ్ముకున్న చిన్న రైతు అయినకాడికి ఇచ్చుకోవలసి వచ్చింది. కొన్న స్థోమతపరులు మాత్రం ప్రహరీలు కట్టుకుని ఫామ్‌హౌస్‌లు వేసుకున్నారు. విందు వేడుకల మందిరాలు, రిసార్టులు వెలిశాయి. నగరానికి కూరగాయలు, పూలు పంపే పొలాలు ఒక్కొక్కటిగా బీడువారుతున్నాయి. చట్టానికి తలవంచినవారు నష్టపోయి, ఉల్లంఘించినవారు లాభపడటమే రైతుల ఆగ్రహానికి మూలం.

1.25 శాతం లెక్క

111 జీవో వచ్చిన నాడు నగరానికి సరఫరా అయ్యే నీటిలో జంట జలాశయాల వాటా నాలుగో వంతుకు పైగా ఉండేది. కృష్ణా, గోదావరి జలాలు వచ్చాక అది 1.25 శాతం లోపునకు పడిపోయిందని 69 జీవోలో ప్రభుత్వమే పేర్కొంది. ఆంక్షల సడలింపునకు ఇదే ప్రధాన ఆధారం.

అయితే ఈ లెక్కలో వరద ప్రస్తావన లేదు. 2020 అక్టోబరులో కుండపోత వర్షాలకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చింది. 2025 సెప్టెంబరు చివరి వారంలో రెండు జలాశయాల నుంచి వదిలిన నీటితో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ప్రాంగణం జలమయమైంది. పొలంలో పడిన వాన కొంత ఇంకుతుంది. సిమెంటు రోడ్లపై, మేడలపై పడిన వాన ఉన్నపళంగా వాగుల్లోకి పరుగులు తీస్తుంది. ఎగువన 1.32 లక్షల ఎకరాలంటే సుమారు 535 చదరపు కిలోమీటర్లు. 2007లో ఏర్పడిన నాటి జీహెచ్ఎంసీ విస్తీర్ణమే సుమారు 650 చదరపు కిలోమీటర్లు. అంతటి ప్రాంతం కాలనీలతో నిండితే దిగువన లంగర్‌హౌస్, పురానాపూల్, చాదర్‌ఘాట్ పరీవాహక బస్తీల పరిస్థితి ఏమిటన్నది జవాబు లేని ప్రశ్న.

గడువే పరిష్కారం

నిర్మాణాలను ఆపాలంటే ఎందుకు, ఎప్పటివరకు అన్నది ఉత్తర్వులోనే స్పష్టంగా ఉండాలి. ఆ వ్యవధిలో గ్రామాలవారీగా సర్వే పూర్తి చేసి, వాగులు, వంకలు, కుంటల హద్దులు నిర్ధారించి, సర్వే నంబర్లతో సహా పంచాయతీ కార్యాలయాల్లో ప్రదర్శించాలి. 84 గ్రామాలన్నీ జలాశయాలకు ఒకే దూరంలో లేవు. ఒడ్డున ఉన్న భూమికి, పది కిలోమీటర్ల అవతలి మెరకకు ఒకే నిబంధన పెట్టడంలోని హేతుబద్ధతను పరిశీలించాలి. మురుగునీటి శుద్ధి కేంద్రం పనిచేయడం మొదలుపెట్టాకే లేఅవుట్‌కు అనుమతి అన్న నియమం ఉండాలి.

శాశ్వతంగా పచ్చగా ఉంచవలసిన పొలాలున్న రైతులకు పరిహారం తప్పనిసరి. రోడ్ల విస్తరణలో స్థలం కోల్పోయినవారికి ఇస్తున్న బదిలీ అభివృద్ధి హక్కుల విధానాన్ని వీరికీ వర్తింపజేయవచ్చు. ఆకాశహర్మ్యాలు కట్టే సంస్థలు ఆ హక్కులు కొంటే ఆ సొమ్ము రైతు చేతికి అందుతుంది. చెరువును కాపాడే భారం రైతు ఒక్కడే మోయడం న్యాయం కాదు. దాని ఫలం అనుభవించే నగరమూ అందులో పాలు పంచుకోవాలి.

ప్రభుత్వం ఇకనైనా కమిటీల మీద కమిటీలు వేయడం మాని, గ్రామసభల్లో ప్రజాభిప్రాయం సేకరించి, గడువు ప్రకటించి తుది ప్రణాళికను ప్రజల ముందుంచవలసి ఉంది. అంతవరకు ఇటు రైతుకు ధీమా లేదు, అటు జలాశయానికి రక్షణ లేదు.