కొసరు కోసము అసలు

మన కూరగాయల సంతలో కొసరు అను మాట యొకటి యున్నది. కిలో వంకాయలు తూచి యిచ్చిన పిమ్మట అమ్మునామె పైన వేయు రెండు కాయలు కొసరు. దానికి వెల లేదు. దానిని అడుగుటకు కొనువానికి హక్కు లేదు. ఐనను అడుగనివారు లేరు, మొగము చిట్లించియైనను వేయనివారును లేరు. అయితే ఆ రెండు కాయలకై అక్కఱలేని కిలో కాయలను కొనువానిని మాత్రము లోకము తెలివిగలవాడనదు. అమెరికాలో పదేండ్లకు పైగా సాగి, కోట్లకొలది డాలర్లు గడించిన యొక వ్యాపారము సరిగా ఈ తెలివితక్కువమీదనే నిలిచినదనియు, 2025లో అచటి రాష్ట్రములు కొన్ని దానిని నిషేధించుచు శాసనములు చేసినవనియు తెలిసినప్పుడు నాకు తొలుత జ్ఞప్తికి వచ్చినది ఆ సంతయే.

ఆ వ్యాపారము పేరు స్వీప్‌స్టేక్స్ కాసినో. పందెములలో అందఱును ఒడ్డిన సొమ్మును గెలిచినవాడొక్కడే ఊడ్చుకొనిపోవుటనుండి పుట్టిన మాట యిది. ఇచట ఊడ్చుకొనిపోవువాడు ఆడువాడు కాడని వేఱుగా చెప్పనక్కఱలేదు.

నేను దీనిని పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. 2025 వేసవిలో న్యూజెర్సీలో మా అమ్మాయి యింట నెలన్నర యుంటిని. ఒక ఆదివారము నా పూర్వశిష్యుడొకడు చూడవచ్చెను. ఇంటరులో నాయొద్ద తెలుగు చదివి, పిదప ఇంజనీరై, అచటనే యుద్యోగము చేయుచున్నాడు. కాఫీ త్రాగుచు, మాటల నడుమ ఫోను తెఱచి ఏదియో నొక్కుచుండెను. తొంగి చూచితిని. మూడు చక్రములు గిరగిర తిరిగి ఆగుచున్నవి. పండ్ల బొమ్మలు వరుసకు వచ్చినప్పుడు గంటలు మ్రోగుచున్నవి.

“ఇది జూదం కాదటయ్యా?” అని అడిగితిని.

“కాదు మాస్టారూ. నేను కొన్నవి బంగారు నాణేలు. వాటికి విలువేమీ లేదు. ఆడుతున్నది వాళ్లు ఊరికే ఇచ్చిన నాణేలతో.”

“మరి గెలిస్తే?”

“ఆ ఊరికే ఇచ్చినవే డాలర్లుగా మార్చుకోవచ్చు.”

“ఓడితే?”

“ఊరికే వచ్చినవే కదండీ పోయేది!”

బహువ్రీహికి విగ్రహవాక్యము చెప్పుమన్నప్పుడెల్ల బిక్కమొగము వేసిన పిల్లవాడు ఈ భేదమును ఇంత తేటగా చెప్పగలుగుట చూచి విస్తుపోయితిని. ఆ నెలలో బంగారు నాణెములకు ఎంత ఖర్చయినదని అడిగితిని. అతడు బదులు చెప్పక, ఫోను జేబులో వేసికొని, మా మనుమరాలిని ఎత్తికొనెను.

అందలి కిటుకు ఇది. ఆడువానికి రెండు విధముల నాణెములుండును. మొదటివి బంగారు నాణెములు. అవి డాలర్లకు దొరకును, వినోదమునకే గాని నగదునకు మారవు. రెండవవి స్వీప్స్ నాణెములు. అవి అమ్మబడవు, కానుకగా మాత్రమే వచ్చును, కాని వానితో ఆడి గెలిచినది సాధారణముగా ఒక్కింటికి ఒక డాలరు చొప్పున నగదగును. పది డాలర్ల బంగారు నాణెములు కొన్నవానికి ఇంచుమించు పది స్వీప్స్ నాణెములు జతచేసి యిత్తురు. ఏది అసలు, ఏది కొసరు అన్నది బిల్లుమీద ఒక రీతిగను, కొనువాని మనసులో మఱియొక రీతిగను ఉండును.

ఇంత ప్రయాస యెందులకనగా, అమెరికా న్యాయశాస్త్రమున జూదమునకు అంగములు మూడు: ప్రతిఫలము, అదృష్టము, బహుమానము. ఆడువాడు ఏదియో యొకటి చెల్లింపవలెను. ఫలితము అదృష్టాధీనమై యుండవలెను. గెలిచినవానికి బహుమానము రావలెను. మూటిలో ఒకటి లోపించినను అది జూదము కాదు. సబ్బుల కంపెనీలు, పానీయముల కంపెనీలు బహుమాన పథకములు నడుపునప్పుడు “కొనవలసిన అవసరము లేదు” అని అడుగున సన్నని అక్షరములతో అచ్చువేయుట ఇందులకే. సరకు కొననివాడును చీటీ యొకటి వ్రాసి పంపి పోటీలో చేరవచ్చును గనుక ప్రతిఫలమను అంగము తెగిపోవును. ఈ కాసినోలు ఆ వాక్యమును ఎరువు తెచ్చుకొన్నవి. డబ్బు పెట్టనివాడు ప్రతిదినము లోనికి వచ్చి పోయిన చాలును, కొంత కొసరు దొరకును. లేదా చెప్పిన కొలత కార్డుమీద, చెప్పిన మాటలను, స్వహస్తముతో వ్రాసి తపాలాలో పంపినను దొరకును. నా శిష్యుని గదిలో నుండిన మఱియొక కుఱ్ఱవాడు రాత్రులు కూర్చుండి అట్టి కార్డులు వ్రాసెడివాడట. మా నాయనమ్మ రామకోటి వ్రాసిన నిష్ఠయే అది. ఆమెకు మోక్షము వచ్చినదో లేదో తెలియదు గాని చేతివ్రాత మాత్రము ముత్యములవలె నుండెను.

ఈ యెత్తు క్రొత్తది కాదు. 1930ల ఆర్థికమాంద్యమున అమెరికా సినిమాహాళ్లు ఖాళీగా పడియున్నప్పుడు ఛార్లెస్ యేగర్ అను ఫిల్ముల వ్యవహారముల మనిషి ‘బ్యాంక్ నైట్’ అను పథకమును కనిపెట్టెను. హాలు వసారాలోని పుస్తకమున ఎవరైనను ఊరికే పేరు వ్రాయవచ్చును. నిర్ణీతమైన రాత్రి ఒక పేరు తీసి పిలుతురు. ఆ మనిషి కొద్ది నిమిషములలో వేదిక చేరినచో నగదు బహుమానము. టిక్కెట్టు కొననక్కఱలేదు, బయట నిలిచి విన్నను చాలును. ఐనను జనము టిక్కెట్టు కొని లోపలనే కూర్చుండిరి. ఇందులో ప్రతిఫలము లేదని కొన్ని రాష్ట్రముల న్యాయస్థానములు చెప్పినవి. బయట నిలుచు హక్కు పేరునకే గాని నిండిన కుర్చీలే ప్రతిఫలమని మఱికొన్ని చెప్పినవి. తొంబది యేండ్ల పిమ్మట అదే తగవు తిరిగి వచ్చినది. ఈసారి హాలు ప్రతివాని జేబులోను ఉన్నది.

చిప్పుల విలువను గూర్చిన పెద్ద తీర్పు తొలుత వచ్చినది వాషింగ్టన్ రాష్ట్రపు వ్యాజ్యములో. నగదునకు మారని ఉత్తుత్తి చిప్పులతో ఆడించు ఒక యాప్ విషయమున 2018లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఆ చిప్పులు ఆటను పొడిగించుకొనుటకు పనికివచ్చును గనుక ఆ రాష్ట్రశాసనము ప్రకారము అవి విలువగల వస్తువులే యని చెప్పినది. తత్ఫలితముగా 2020లో 15.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. 2025లో శాసనసభలే రంగమున దిగినవి. మోంటానా మొదట నిషేధశాసనము చేసినది, కనెక్టికట్ అనుసరించినది, న్యూజెర్సీ గవర్నరు ఆగస్టు 15న సంతకము చేసెను, కాలిఫోర్నియాలో అక్టోబరున, న్యూయార్క్‌లో డిసెంబరున సంతకములైనవి. లూసియానాలో మాత్రము సభ ఆమోదించిన బిల్లును గవర్నరు నిరాకరించెను. అది వ్యాపారులమీది దయచేత కాదు, ఉన్న చట్టమే చాలునని. వెనువెంటనే అచటి జూద నియంత్రణ మండలి 40కి పైగా సంస్థలకు ఆపివేయుడని తాఖీదులు పంపెను.

భాషోపాధ్యాయుడను గనుక ఈ శాసనములలో నాకు నచ్చినది వాని మాటల పొందిక. కాలిఫోర్నియా చట్టము ప్రతిఫలము ఉన్నదా లేదా అను పాతచర్చకు తావే యీయక రెండు నాణెముల పద్ధతినే పట్టుకొన్నది. ఏ పేరిట వచ్చిన నాణెమైనను సరే, అది నగదుగా మారునదై, ఆట జూదమును పోలినదైనచో నేరము. నడుపువానితో ఆగక, తెలిసి తోడ్పడిన ఆటల సరఫరాదారులను, చెల్లింపులు జరుపువారిని, ప్రచారము చేయువారిని కూడ ఈ వలలో చేర్చినది. జుల్మానా 1,000 డాలర్లనుండి 25,000 వరకు, కారాగారము ఏడాది వరకు. న్యూయార్క్‌లో జుల్మానా 10,000 నుండి 1,00,000 డాలర్లు.

ఇక ఎదుటిపక్షము మాట వినవలెను. అది త్రోసివేయదగినది కాదు. న్యూయార్క్ 1967 నుండి, కాలిఫోర్నియా 1985 నుండి తామే లాటరీలు నడుపుచున్నవి. న్యూజెర్సీ, కనెక్టికట్‌లలో లైసెన్సు పొందిన ఆన్‌లైన్ కాసినోలు న్యాయసమ్మతములు. వాని పన్ను ఖజానాకు చేరును. కాలిఫోర్నియాలో ఈ బిల్లునకు వెన్నుదన్నుగా నిలిచినవారు కాసినోలు నడుపు ఆదివాసి తెగలవారు. వారిలోనే కొన్ని చిన్న తెగలు దానిని ఎదిరించినవి కూడ. కనుక ఇది నీతికై చేసిన యుద్ధమా, అంగడికై చేసినదా యని అడుగువాని నోరు మూయించుట కష్టము.

ఈ చిక్కు మన పూర్వులకు తెలియనిది కాదు. మనువు జూదమును రాజ్యమునుండి వెడలగొట్టుమనెను. కౌటిల్యుడు అట్లనలేదు. జూదమును ఒక్కచోటికి చేర్చుము, అధ్యక్షుని నియమింపుము, కపటపు పాచికలు పట్టుకొనుము, గెలుపులో నూటికి ఐదు తీసికొనుము అనెను. వేఱొకచోట ఆడినవానికి దండన. లాటరీని సైతము రానీయని యూటా, హవాయి రాష్ట్రములు మనువు పక్షము. న్యూజెర్సీ కౌటిల్యునికి ప్రియశిష్యురాలు. మనువు మాట మంచిదే; కాని పది సువర్ణముల బాకీకి భయపడి గుడిలో విగ్రహమువలె నిలిచిన సంవాహకుడు పాచికల చప్పుడు చెవిని పడగానే నిలువలేక బయటపడిన ఘట్టమును మృచ్ఛకటికమున చదివినవాడు, చట్టముతో జూదమును రూపుమాపవచ్చునని నమ్మజాలడు.

ఐనను ఈ నిషేధములను నేను సమర్థింతును. లైసెన్సు గల కాసినోలో అడుగిడినవానికి తాను జూదమాడుచున్నానని తెలియును. అచట 21 యేండ్లు నిండినవానికే ప్రవేశము. తన్ను లోనికి రానీయవలదని తన పేరు తానే పట్టికలో వ్రాయించుకొనవచ్చును. స్వీప్‌స్టేక్స్ సైట్లలో పెక్కు 18 యేండ్లవారికే తలుపు తీసినవి. ఇవి చిన్న భేదములు. పెద్దది యేమనగా, ఆడునది జూదమే కాదని అవి నమ్మించినవి. జూదరికి మిగులు కడపటి రక్ష సిగ్గు. నా శిష్యుడు సిగ్గుమాలినవాడు కాడు. సిగ్గుపడవలసినది యేమియు లేదని నిబంధనల పత్రమే చెప్పుచుండగా అతడు మాత్రమెట్లు సిగ్గుపడును? ఖర్చు మాట యెత్తినప్పుడు మాత్రము అది ఒక్క క్షణము తొంగిచూచినది.

భారతమున ద్యూతఘట్టమును పాతికేండ్లకు పైగా పాఠము చెప్పుచున్నాను. విద్యార్థులందఱును శకుని పాచికలను గూర్చియే అడుగుదురు. నేను అనుద్యూతముకడ ఆగుదును. మొదటి ద్యూతమున ధర్మరాజు సర్వమును ఓడెను. ద్రౌపది వరములు కోరి భర్తలను విడిపించుకొనెను. ధృతరాష్ట్రుడు ఓడిన రాజ్యమును, ధనమును మరల ఇచ్చివేసెను. పోయినదంతయు ఊరికే తిరిగి వచ్చినది. ఇంద్రప్రస్థము చేరకమునుపే మరల పిలుపు వచ్చెను. ధర్మరాజు మరల వెడలెను. పిలిచినచో కాదనరాదను మర్యాదను మొదటిసారి మనమును ఒప్పుకొందుము. రెండవసారి అంత సులువుగా ఒప్పుకొనలేము. ఓడినది ఊరికే తిరిగి వచ్చినవానికి తరువాతి పందెము ఎంత తేలికగా తోచియుండునో! ప్రతి ఉదయము ఫోను తెఱవగానే నేటి కానుక యని నాలుగు నాణెములు చూపు వ్యాపారి సభాపర్వము చదివియుండడు. కాని ఆ ఘట్టపు కీలు అతనికి తెలియును.

ఇది దూరదేశపు గొడవ యని చేతులు దులుపుకొనుటకును వీలులేదు. అచటివారు ఉచితమను మాట చాటున నిలిచినట్లు ఇచటివారు నైపుణ్యమను మాట చాటున నిలిచిరి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు చేసిన దాడినుండి పుట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానముగా నైపుణ్యముతో గూడిన ఆట యని చెప్పెను. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఆ వాక్యమును ఏండ్లతరబడి జపించినవి. అదే తీర్పులో, పందెపుటాటవలన ఆ యింటివాడో క్లబ్బువాడో లాభము గడించుచున్నచో నేరము కావచ్చునని యున్న మాటను మాత్రము వారెవ్వరును జపింపలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టములను సవరించి డబ్బుతో ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన కేంద్రశాసనము నైపుణ్యమా అదృష్టమా అను తర్కమునే ప్రక్కకు త్రోసి, సొమ్ము ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలన్నిటిని నిషేధపు పద్దులో వేసినది. ఆడినవానిని దండింపక, ఆడించువానిని, ప్రకటనలు చేయువానిని పట్టినది. న్యూజెర్సీ సంతకమునకు సరిగా వారము తరువాతి మాట యిది. ఒకరినొకరు చూచి చేసినవి కావు. మాటను విడిచి డబ్బు నడచిన దారిని వెంబడింపవలెనను బుద్ధి రెండు దేశములకు ఒకే మాసమున కలిగినది, అంతే.

మూసిన అంగడివాడు ఊరకుండునని నేను అనుకొనను. ఆటల ఫలితములపై పందెమును ‘ఒప్పందముల వర్తకము’ అని పిలుచు కంపెనీలకును నెవాడా, న్యూజెర్సీ రాష్ట్రములకును నడుమ తగవు 2025లోనే న్యాయస్థానములకెక్కినది. నిఘంటువు పెద్దది, వారికి మాటల కఱవు రాదు.

నేను తిరిగి వచ్చిన కొన్నాళ్లకు నా శిష్యుడు ఫోను చేసెను. వారి రాష్ట్రమున ఆ సైటు మూతపడినదట. స్వీప్స్ నాణెములేవైన మిగిలినచో ఫలానా తేదీలోగా మార్చుకొనుడని ఉత్తరము వచ్చినదట. అతనికి అవి మిగులలేదు.

“బంగారు నాణేలు మాత్రం పద్నాలుగు లక్షలున్నాయి మాస్టారూ. వాటికేమీ రాదట!” అని నవ్వెను.

వానికి విలువ లేదని నాకు మొదట చెప్పినవాడు అతడే. ఆ మాట నేను ఎత్తలేదు. మనుమరాలు ఎట్లున్నదని అడిగెను. దానికి పండ్లు వచ్చుచున్నవని చెప్పితిని.