ముట్టుకోనివ్వని పనిముట్టు

కిందటేడు దసరాకి వారం ముందు కొండపల్లి బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆ ఇంటావిడని పిన్నీ అని పిలుస్తాను. మా మధ్య చుట్టరికమేమీ లేదు. పరిశోధన పేరుతో మొదటిసారి ఆ వీధికి వెళ్ళినప్పుడు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టిన మనిషి ఆమె. ఆమె భర్త బొమ్మలు చెక్కేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది.

ఆ రోజు విజయవాడ నుంచి ఒక పెద్దమనిషి కారులో వచ్చాడు. పాత పనిముట్లు సేకరించి, బాగుచేసి, దాచుకోవడం ఆయనకి ఇష్టమైన వ్యాపకం. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చున్నాడు. పిన్ని చెక్కపెట్టె తెచ్చి ముందు పెట్టింది. అందులోంచి ఉలులు, బాడిసె, ఆకురాళ్ళు, చిన్న రంపం ఒక్కొక్కటే తీసి వెలుతురులో తిప్పి చూశాడు. బేరమాడకుండా డబ్బిచ్చాడు. అప్పుడు పిన్ని గోడవారగా ఉన్న సన్నికల్లునీ పొత్రాన్నీ చూపించి, "ఇదీ మా పనిదే బాబూ, తీసుకుంటారా?" అంది. ఆయన నవ్వి, "వంటింటి సామాన్లు నాకెందుకమ్మా!" అన్నాడు.

పిన్ని కూడా నవ్వింది. సిగ్గుపడాల్సిందేదో తను మాట్లాడినట్టు నవ్వింది. ఆ నవ్వు దగ్గరే నా గొడవంతా మొదలయింది.

ముందుగా ఒక మాట చెప్పాలి. పాత పనిముట్లు సేకరించేవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు లేకపోతే ఆ ఉలులు ఆటోనగర్లో పాత ఇనుము కింద తూకానికి పోయేవి. తుప్పు పట్టిన ఇనుముని వెనిగర్లో నానబెట్టి, తీగ బ్రష్షుతో రుద్ది, కడిగి వెంటనే తడి లేకుండా తుడిచి, నూనె రాసి మళ్ళీ మెరిపించడం ఓపికతో కూడిన పని. నానబెట్టింది మరీ ఎక్కువసేపయితే పులుపు ఇనుముని కూడా తినేస్తుంది. పిడికి అవిసె నూనె పట్టించి ఆరనిచ్చి మళ్ళీ పట్టించాలి. ఇదంతా ప్రేమ లేకుండా చేయలేరు. నేనడిగేది ఒక్కటే. ఈ ప్రేమ పనిముట్లన్నిటి మీదా ఎందుకు పుట్టదు?

కొండపల్లి బొమ్మ ఎలా తయారవుతుందో ఒకసారి చూద్దాం. తెల్లపొణికి కర్ర మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. దాన్ని సన్నటి సెగ మీద తడి పోయేదాకా ఆరబెడతారు. తర్వాత ఉలితో, ఆకురాయితో చెక్కుతారు. అయితే బొమ్మ ఒకే ముక్కలోంచి రాదు. చేతులు, తల, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి అతికిస్తారు. అతికేది మక్కుతో. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బిన ముద్దలో రంపపు పొట్టు కలిపితే మక్కవుతుంది. అతుకులు కనపడకుండా పూడ్చేదీ, ఉలి చేసిన తప్పులు సరిదిద్దేదీ, చీరకుచ్చెళ్ళూ నగలూ ఉబ్బెత్తుగా తేల్చేదీ ఆ మక్కే. ఆపైన సున్నపు పూత. ఆపైన మేకవెంట్రుకల కుంచెతో రంగులు, కళ్ళు.

చెక్కడం మగవాళ్ళ పని, రంగులు వేయడం ఆడవాళ్ళ పని అని కొండపల్లి మీద రాసిన ప్రతివాళ్ళూ ఒక వాక్యం రాస్తారు. రాసి ముందుకి వెళ్ళిపోతారు. సెగ చూసేదెవరు, గింజలు రుబ్బేదెవరు, మక్కు పాళ్ళు తెలిసిందెవరికి అని ఆగి అడగరు. పిన్నికి ముద్దని వేళ్ళ మధ్య నలిపి చూస్తే చాలు, ఆరాక బీట వారుతుందో లేదో తెలుస్తుంది. ఆ విద్యకి పనిముట్టు సన్నికల్లు. అది వంటింట్లో కూడా పనికొస్తుంది కాబట్టి పనిముట్టు కాకుండా పోయింది!

ఇంకో విడ్డూరం చూడండి. అదే కాలనీలో అమ్మే పల్లెటూరి బొమ్మల్లో ఆడవాళ్ళు చల్ల చిలుకుతూ, రోకలితో దంచుతూ, తిరగలి విసురుతూ కనిపిస్తారు. సంక్రాంతి బొమ్మలకొలువులో వాటిని ముచ్చటగా పేరుస్తాం. బొమ్మ చేతిలో తిరగలి కళ. బొమ్మకి రంగేసిన మనిషి ఇంట్లో సన్నికల్లు సామాను.

పులుపు సంగతి కూడా అలాంటిదే. చింతపండుతో ఇత్తడి బిందె తోమితే చిలుము వదిలిపోతుంది. మన అమ్మమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే వందల ఏళ్ళుగా చేస్తున్న పని అది. వెనిగర్ తుప్పుని వదిలించేది కూడా ఆ పులుపు గుణంతోనే. ఆయన చేస్తే దాని పేరు పునరుద్ధరణ. మనం చేస్తే అంట్లు తోమడం. ఒకదాని ఫొటోలు తీసి నలుగురికీ చూపిస్తారు. రెండోదానికి పనిమనిషికి నెలకింతని ఇచ్చి, అందులోనూ నాగాలు లెక్కపెడతారు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మాట దగ్గర ఆగకుండా ఉండలేను. పనిముట్టులోని 'ముట్టు'కి సాధనమనే అర్థముంది. తాకడమనే అర్థముంది. ఆడవాళ్ళ నెలసరికీ అదే మాట. భాష ఈ మూడింటినీ ఒకే చోట ఉంచింది. ఆచారం విడదీసింది. దసరాకి ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ ఆడదేవతకే ఆయుధాలన్నీ! ఇళ్ళల్లో పనిముట్లన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి పూజ చేస్తారు. ఆ పసుపు నూరేదీ మనమే. ముట్టయితే మాత్రం ఆ పనిముట్లని ముట్టకూడదు. ఏడాది పొడుగునా ముట్టకుండా ఉంచడానికి ఈ ఒక్క రోజు నియమం ఎంత సాయం చేసిందో ఆలోచించండి.

పనిముట్టుకీ మగతనానికీ ఉన్న ఈ పొత్తు మన ఒక్కళ్ళదే కాదు. బ్రిటన్‌లో సింథియా కాక్‌బర్న్ లండన్ పత్రికల అచ్చుపనివాళ్ళని పరిశీలించి 1983లో 'బ్రదర్స్' అనే పుస్తకం రాసింది. నైపుణ్యమనేది చేతుల్లోనే ఉండదనీ, ఎవరి పనిని నైపుణ్యమని పిలవాలో నిర్ణయించే అధికారంలో కూడా ఉంటుందనీ ఆమె వాదన. పనిముట్ల బరువూ కొలతా కూడా మగవాడి ఒంటికి సరిపోయేలా తయారవుతాయనీ, ఆ తర్వాత 'ఇది ఆడవాళ్ళ వల్ల కాదు' అని అదే కొలతని సాక్ష్యంగా చూపిస్తారనీ ఆమె చూపించింది.

అది చదివినప్పుడు మంచి సిద్ధాంతం అనుకున్నాను. సంక్రాంతి సెలవుల్లో ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళినప్పుడు అది అద్దాల బీరువాలో కళ్ళబడింది.

ఉలులు వరసగా పేర్చి ఉన్నాయి. తళతళలాడుతున్నాయి. కింద చక్కని అక్షరాలతో చిన్న అట్ట: 'కొండపల్లి శిల్పి వాడిన ఉలులు'. నేను వెతికింది ఒక ఉలి కోసం. పిన్ని భర్త మంచానపడ్డ రెండేళ్ళూ ఒప్పుకున్న బొమ్మల్ని చెక్కి ఇచ్చింది పిన్నే. బయటికి ఆయన చెక్కినట్టే చెప్పారు. ఆ పెద్ద ఉలి పిడి ఆమె గుప్పిటికి ఎక్కువయ్యేది. జారకుండా పాత చీర పీలిక ఒకటి గట్టిగా చుట్టుకుంది. చెమటకీ రంగుకీ అది నల్లగా, తోలులా గట్టిపడి పిడిలో భాగమైపోయింది. బీరువాలో ఆ ఉలి ఉంది గానీ పీలిక లేదు. అడిగితే, "అదా? మురికిగుడ్డ. కోసి తీసేశాను. పిడి కూడా ఉప్పుకాగితం పట్టి నునుపు చేశాను" అన్నాడు, మంచి పని చేసిన తృప్తితో.

ఆమె ఆ ఉలి పట్టిందనడానికి లోకంలో మిగిలిన ఒకే ఒక ఆధారం ఆ పీలిక. పాత వస్తువుల్ని కాపాడేవాళ్ళకి ఒక నియమం ఉంది. మళ్ళీ వెనక్కి తీసుకోలేని మార్పు చెయ్యకూడదు. చేసిన ప్రతి పనీ రాసి పెట్టుకోవాలి. ఆయనకి ఈ నియమం తెలుసు. ఉక్కు మీది పాత కమ్మరి గుర్తుని ఎంత జాగ్రత్తగా కాపాడాడో చూపించాడు కూడా. కమ్మరి గుర్తు చరిత్ర అనిపించింది. చీర పీలిక మురికి అనిపించింది. ఏది చరిత్రో ఏది మురికో ఎవరు తేలుస్తున్నారన్నదే ప్రశ్న.

ఇది ఒక బీరువాకి సంబంధించిన మనోభావాల గొడవ అనుకునేవాళ్ళకి మిగతాది కూడా చెబుతాను. పిన్ని తన పేరున చేతిపనివారి గుర్తింపు కార్డుకి అర్జీ పెట్టుకుంది. విచారణకి వచ్చిన మనిషి, "నువ్వేం పని చేస్తావమ్మా? పనిముట్లు చూపించు" అన్నాడు. ఉలులు అప్పటికే అమ్మేసింది. కుంచెలు చూపించింది. సన్నికల్లు చూపించింది. "రంగులేస్తావు, అంతేగా! సహాయకురాలని రాసుకుంటాను" అని వెళ్ళిపోయాడు. నేను ఇది రాసేనాటికి కార్డు రాలేదు. కార్డు లేకపోతే ఆమె పేరున అప్పు పుట్టదు. తెల్లపొణికి కరువు గురించి చాలామంది రాశారు, రాయాలి కూడా. కర్ర దొరికినా కొనడానికి పిన్ని చేతిలో డబ్బు ఉండదన్న సంగతి ఆ వ్యాసాల్లో ఉండదు.

మన జనాభా లెక్కలు కూడా ఇంతే. 1981 నుంచీ ఏడాదిలో ఆరునెలలైనా పని చేసినవాళ్ళని ప్రధాన శ్రామికులనీ, తక్కువ చేసినవాళ్ళని ఉపాంత శ్రామికులనీ విడగొట్టారు. గింజలు రుబ్బుతూ మధ్యలో పచ్చడి నూరి, కుంచె పక్కన పెట్టి అన్నం వార్చి, మళ్ళీ కుంచె పట్టుకునే మనిషికి ఆ ఆరునెలలు ఎలా లెక్కకడతారు? అడిగినవాళ్ళకి ఇంట్లో మగవాడు 'ఇంట్లోనే ఉంటుంది' అని చెబితే ఆమె ఏ గడిలోకీ రాదు.

ఇప్పుడు నా వంతు. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం ఈ వృత్తి చుట్టూ అల్లుకున్న కథల మీద. శివుడి వరంతో శిల్పవిద్య పొందిన ముక్తాఋషి తమ మూలపురుషుడని చెప్పుకునే ఆర్యక్షత్రియుల కథని నేను ఎంతో శ్రద్ధగా విశ్లేషించాను. మొన్న ఆ అధ్యాయం తీసి చూసుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా 'కళాకారుడు' అనే రాశాను. మూలపురుషుడి దగ్గర ఆగినదాన్ని ఆ అరుగు మీద ఆగలేదు. రుబ్బుతున్న మనిషి పక్కన కూర్చుని, పని ఆపి నాతో మాట్లాడమని అడిగి, ఆమె భర్త గురించి రాసుకున్నాను. డాక్టరేట్ నాకొచ్చింది. కాబట్టి ఆ పెద్దమనిషి ఒక్కడినే బోనులో నిలబెట్టే హక్కు నాకు లేదు.

ఆడవాళ్ళ పనిముట్లు నిలిచేవి కావు, ఏం సేకరిస్తామని కొందరంటారు. కుంచె అరుగుతుంది, మక్కు రాలుతుంది, నిజమే. మరి సన్నికల్లు? ఇనుముకి తుప్పు పడుతుంది గానీ రాతికి పట్టదు కదా! అమెరికాలో హెన్రీ మెర్సర్ అనే ఆయన 1897లో, యంత్రాలొచ్చి మూలపడ్డ చేతిపనిముట్లని పాతసామాన్ల కొట్లలోంచి ఏరడం మొదలుపెట్టి, 1916 నాటికి డాయిల్స్‌టౌన్‌లో వాటికి మ్యూజియం కట్టాడు. చెత్తలో చరిత్రని చూసిన మనిషి. ఆ కప్పు కింద రంపాలతో పాటు వెన్న చిలికే సామానూ నూలు వడికే రాట్నాలూ ఉన్నాయి. నూరేళ్ళ కిందట ఒక మగవాడికి తోచిన సంగతి మనవాళ్ళకి ఇప్పుడైనా తోచకూడదా?

రెండో అభ్యంతరం మన వైపు నుంచే వస్తుంది. సన్నికల్లుని నెత్తిన పెట్టుకుంటే వంటింటి చాకిరీకి దండ వేసినట్టే కదా అని ఒక స్నేహితురాలు అడిగింది. పెళ్ళిలో తొక్కించిన రాయి జన్మంతా మన కాలికి చుట్టుకుంటుందని ఆమె బాధ. ఆ బాధ నాదీ. అందుకే నేను పూజ అడగడం లేదు. దసరా పసుపుకుంకాలు చాలు. నేనడిగేది పేరు, కూలి, కార్డు, అప్పు. చాకిరీని పొగడటం వేరు, పనిని పనిగా లెక్కగట్టడం వేరు.

సేకరించేవాళ్ళకి నా విన్నపం ఇదీ. ఉలి కొన్నప్పుడు ఆ ఇంట్లో ఇంకెవరెవరు దేంతో పని చేశారో అడగండి. పిడి మీది గుడ్డ కోసే ముందు అదెందుకు చుట్టారో అడగండి. అట్ట మీద 'శిల్పి' అని రాసి ఊరుకోకుండా, వాళ్ళు ఒప్పుకుంటే, భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయండి. మనకి కూడా పని ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఆడవాళ్ళ నోటిమాటని చరిత్రకి ఆధారంగా నిలబెట్టింది. కొండపల్లిలోనూ, ఏటికొప్పాకలోనూ, మగ్గాల గుంటల పక్కనా, కుమ్మరి సారెల పక్కనా ఆ పని ఇంకా మిగిలే ఉంది. పిహెచ్.డి. అంశాల కోసం తడుముకుంటున్న పిల్లలకి మనమే చెప్పాలి.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. ఈసారి ప్రశ్నలన్నీ మక్కు గురించే. పాళ్ళు, సెగ, గింజ రంగు, ఎవరి దగ్గర నేర్చుకుందో అన్నీ అడిగి రాసుకున్నాను. "ఇన్నాళ్ళకి ఇవి అడిగావేంటే అమ్మాయ్" అంది పిన్ని. సన్నికల్లు మధ్యలో గుంటపడి ఉంది. ఎన్నేళ్ళదని అడిగితే, అత్తగారు కాపరానికొచ్చినప్పటికే ఉందంది. చేత్తో తడిమి చూశాను. పొత్రం అరిగిన చోట వేళ్ళు వాటంతటవే కుదురుకున్నాయి. అవి ఏ శిల్పి వేళ్ళో ఏ అట్ట మీదా రాసి లేదు.