పెంట గుమ్మము ఎవరు బాగుచేస్తారు?

మన ఇల్లు – మన సంఘము



ఆదివారం ఆరాధన ముగిసి, ఆశీర్వాదం అందుకొని బయటకు వచ్చాక మందిరం ముందు చెట్టునీడన నలుగురు చేరతారు. వానలు, పంటలు, పిల్లల చదువులు అయ్యాక మాట పన్నుల మీదికి మళ్లుతుంది. “ఇంటి పన్ను కడుతూనే ఉన్నాం. డ్రైనేజీ పన్ను రసీదులోనే ఉంది. మళ్లీ చెత్తకు వేరే డబ్బా? కాలువలో పూడిక మాత్రం అలాగే ఉంది” అని ఒకరంటారు. “విశ్వాసులం, ఇలాంటివి మాట్లాడకూడదు” అని ఇంకొకరు మెల్లగా సర్దిచెబుతారు.

నిజంగా మాట్లాడకూడదా? మత్తయి సువార్త 17వ అధ్యాయం చూడండి. దేవాలయపు అరషెకెలు పన్ను విషయం వచ్చినప్పుడు ప్రభువు ముందుగా పేతురును ఒక ప్రశ్న అడిగాడు: భూరాజులు సుంకం ఎవరి దగ్గర వసూలు చేస్తారు, కుమారుల దగ్గరా, అన్యుల దగ్గరా? ప్రశ్న అడిగిన తరువాత, వారికి అభ్యంతరం కలగకుండా ఇద్దరి కోసమూ పన్ను కట్టించాడు. అడగడమూ తప్పు కాదు, కట్టడమూ తప్పు కాదు. అడగకుండా గొణుక్కోవడం, కట్టకుండా తప్పించుకోవడం – ఈ రెండే మనకు తగనివి.

పట్టణాల్లో ఉన్న మన బంధువులకు ఈ సంగతి బాగా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న ‘క్లాప్’ కార్యక్రమం మొదలైంది. పట్టణాల్లో ఇంటింటి చెత్త సేకరణకు పట్టణాన్ని బట్టి, నివాసాన్ని బట్టి నెలకు సుమారు 30 రూపాయల నుంచి 120 రూపాయల వరకు వసూలు చేశారు. కూలి చేసుకునే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. జనం దానికి ‘చెత్త పన్ను’ అని పేరు పెట్టారు. అనేకచోట్ల అభ్యంతరాలు వచ్చాయి. చివరకు ఆ పన్నును రద్దు చేస్తున్నట్లు 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి ప్రకటించారు. సరిగ్గా మూడేళ్లు. అయితే పన్ను పోయింది గాని చెత్త పోలేదు కదా! బండికి డీజిలు, పనివారికి జీతం, చెత్త పోసే స్థలం – ఈ ఖర్చులు ఏదో ఒక ఖాతాలోనుంచి వెళ్లవలసిందే.

మన పల్లెల్లో ఆ ఖాతా పంచాయతీది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం వీధుల శుభ్రత, మురుగు కాలువల బాధ్యతను గ్రామ పంచాయతీ మీదే పెట్టింది. దానికి మన ఇంటి పన్ను ఒక ఆధారం. ఆర్థిక సంఘం నిధులు మరొక ఆధారం. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పల్లెలకు సిఫారసు చేసిన గ్రాంటులో నూటికి 60 వంతులు తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని కట్టడి చేసింది. కాబట్టి గ్రామసభలో లేచి, “అయ్యా, పారిశుద్ధ్యం కింద మన ఊరికి ఎంత వచ్చింది? దేనికి ఖర్చయింది? చెత్త షెడ్డులో ఎరువు తయారవుతోందా?” అని మర్యాదగా అడగడం తిరుగుబాటు కాదు. అది పౌరుని పని. గోపురం కట్టగోరినవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకుంటాడని ప్రభువే చెప్పాడు గదా.

అయితే ప్రియులారా, ఒక లెక్క రసీదులో కనబడదు. సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు మనం ఏమి చేస్తున్నాము? యంత్రం బండికి ఎక్కువ అవుతుందని, తక్కువకు వచ్చే మనిషిని పిలుస్తున్నామా? ఆ తొట్టిలో విషవాయువు ఉంటుంది. దిగినవాడు మళ్లీ పైకి రాకపోవచ్చు. అతన్ని కాపాడాలని దిగిన రెండవవాడూ రాకపోవచ్చు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అలా దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మనకు మిగిలిన కొద్ది వందల రూపాయలు ఎవరి ప్రాణం మీదనుంచి మిగిలాయో ఆలోచించాలి. బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని యాకోబు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయం హెచ్చరిస్తోంది.

ఈ పనిలో ఉన్నవారిలో మన విశ్వాస కుటుంబాలవారూ ఉన్నారు. కోలారు బంగారు గనుల ప్రాంతంలో అటువంటి తెలుగు క్రైస్తవ కుటుంబంలోనే బెజవాడ విల్సన్ గారు పుట్టారు. మనిషి చేత మలం ఎత్తించే దురాచారం మీద ఆయన చేసిన పోరాటానికి 2016లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయంలో యెరూషలేము గుమ్మములను బాగుచేసినవారి పేర్లు వరుసగా ఉన్నాయి. అందులో పెంట గుమ్మము కూడా ఉంది. ఊరి చెత్త బయటకు పోయే దారి అది. దాన్ని బాగుచేసింది ఎవరు? రేకాబు కుమారుడైన మల్కీయా. అతడు కూలివాడు కాదు, ఒక ప్రదేశానికి అధిపతి! అదే అధ్యాయంలో తెకోవీయుల పెద్దలు మాత్రం పనికి మెడ వంచలేదని వ్రాయబడింది. ఇద్దరి సంగతీ దేవుడు గ్రంథంలో ఉంచాడు. మన పేరు ఏ వరుసలో ఉంటుంది?

చేయగలిగినవి కష్టమైనవేమీ కావు. ఇంటి చెత్తలో సగానికి పైగా కుళ్లి మట్టిలో కలిసేదే. మన తాతలు దాన్ని పెంటపోగులో వేసి చేనికి తోలుకున్నారు. తడి చెత్త పెరటి గుంటలోకి, పొడి చెత్త పంచాయతీ బండిలోకి వేరుగా పోతే ఊరి ఖర్చు దానంతట అదే తగ్గుతుంది. కొత్తగా మరుగుదొడ్డి కట్టేవారు రెండు గుంటల పద్ధతి ఎంచుకుంటే, ఒకటి నిండి మూతపడి ఎరువుగా మారేలోగా రెండవది వాడుకోవచ్చు. సంఘ ప్రేమవిందులో ప్లాస్టిక్ గ్లాసులకు బదులు స్టీలు గ్లాసులు, విస్తరాకులు వాడవచ్చు. విందు అయ్యాక ఊడ్చే పని స్త్రీల సమాజానికి, పనివారికి వదలక, సంఘ పెద్దలే చీపురు పట్టుకుంటే యౌవనస్థులకు అదే ఒక ప్రసంగం.

ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు పాళెము బయట గుంట త్రవ్వి మాలిన్యాన్ని కప్పాలని ఆజ్ఞ ఉంది. ఆ పాళెములో దేవుడే సంచరిస్తాడు గనుక అది పరిశుద్ధంగా ఉండాలి. మన వీధిలో కూడా ఆయన నడుస్తున్నాడు.

ప్రార్థన: ప్రభువా, అడగవలసిన చోట ధైర్యంగా అడిగే నోరును, ఇవ్వవలసిన చోట సంతోషంగా ఇచ్చే చేతిని మాకు దయచేయుము. మా మురికిని మోసే సహోదరులను, సహోదరీలను ఘనపరచుటకు మాకు నేర్పుము. ఆమేన్.