సౌండు విన్నాకే సంతకం పెట్టండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. మార్కాపురంలో నా దగ్గరికి రిపేరుకొచ్చే పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. వాటికి లినక్స్ మింటో, ఉబుంటునో వేస్తున్నాను. మిషన్ హుషారుగా నడుస్తుంది. అంతలో గిద్దలూరు నుంచో కంభం నుంచో ఫోను వస్తుంది: "అన్నా, బొమ్మ వస్తాంది, సౌండు రాలేదు."

ఆ ఒక్క కారణంతో లినక్స్ పీకేసి దొంగ విండోస్ ఎక్కించేవాళ్లున్నారు. అది తప్పు. నా అనుభవంలో ఇలాంటి కేసుల్లో సౌండు కార్డు పాడవడం అరుదు.

టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అని కొట్టండి. నల్లటి తెర మీద నిలువు పట్టీలు వస్తాయి. పట్టీ కింద ‘ఎంఎం’ అని ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు. కీబోర్డు మీద ఎం నొక్కితే ‘ఓఓ’ అవుతుంది, పాట వినబడుతుంది. వినబడకపోతే ఎఫ్6 నొక్కి ఏ కార్డులో ఉన్నారో చూడండి. చాలాసార్లు సౌండు బయటికి పోతూనే ఉంటుంది, కాకపోతే హెచ్‌డీఎంఐ దారిలో, స్పీకర్లే లేని మానిటర్‌కి! సెట్టింగుల్లో ‘డమ్మీ అవుట్‌పుట్’ ఒక్కటే కనబడితే దారి వేరు. లోపలే డిజిటల్ మైకున్న ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ఫైళ్లు లేకపోతే ఇలా అవుతుంది. అవి వేసి రీస్టార్ట్ చేయాలి. నిన్నటిదాకా పలికి అప్‌డేట్ తర్వాత మూగబోతే, బూట్ మెనూలో పాత కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఎంచుకుని చూడండి.

ఇదంతా లినక్స్ రాసేవాళ్ల అలసత్వమంటే నేనొప్పుకోను. గ్రేవిస్ అల్ట్రాసౌండ్ అనే ఒక్క కార్డు కోసం యారోస్లావ్ కిసెలా మొదలుపెట్టిన పని లినక్స్‌లో సౌండును నడిపే ఆల్సాగా పెరిగి, 2003లో వచ్చిన 2.6 కెర్నల్‌తో అందరికీ చేరింది. తకాషి ఇవాయ్ ఏళ్ల తరబడి దాన్ని కాచుకుంటూ వస్తున్నారు. చిక్కంతా తయారీదారుల దగ్గర. చిప్ ఒకటే రియల్‌టెక్‌ది అయినా, స్పీకరును ఏ పిన్నుకు కలపాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా చేస్తుంది. విండోస్‌లో పలికితే చాలనుకుని, ఆ తేడా ఏమిటో ఎవరికీ చెప్పదు. అందుకే కెర్నల్‌లో ల్యాప్‌టాప్ మోడళ్ల జాబితా వందల్లో పెరిగింది, ఒక్కోదానికీ ఒక్కో సవరణ. వాటిలో ఎన్నో, ఆ మిషన్ కొన్న మామూలు మనుషులు ఓపికగా వివరాలు పంపితే వచ్చినవే. ఎక్కడో జర్మనీలో ఒకరు పంపిన సవరణ అప్‌డేట్‌లో మా తర్లుపాడుకూ వస్తుంది. మనమూ పంపాలి. ఆల్సా-ఇన్ఫో అనే స్క్రిప్టు నడిపితే కావలసిన వివరాలన్నీ అదే పోగుచేస్తుంది.

సౌండే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఒక మాట. చూపు లేని పిల్లలు లినక్స్‌లో ఓర్కా అనే స్క్రీన్ రీడరుతో చదువుతారు. ఈస్పీక్ ఎన్‌జీ తెలుగు కూడా చదివి వినిపిస్తుంది. సౌండు పోతే ఆ పిల్లలకు తెర ఆరిపోయినట్టే. సెట్టింగులకు వెళ్లి సరిచేసుకుందామన్నా, ఆ సెట్టింగులు చదివి చెప్పేది కూడా సౌండే.

అందుకే మా మార్కాపురం ప్రాంతంలో బడులకు, గ్రంథాలయాలకు కంప్యూటర్లు కొనే అధికారులనూ దాతలనూ అడుగుతున్నాను. టెండరులోనే ‘లినక్స్‌లో సౌండు, మైకు పనిచేయాలి’ అని ఒక వాక్యం రాయండి. సరుకు దిగిన రోజు లినక్స్ ఉన్న లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి ప్రతి మోడల్‌లో ఒక మిషన్ ఆన్ చేయండి. స్పీకర్లో పాట వినండి, హెడ్‌ఫోన్ పెట్టి వినండి, మైకులో మాట్లాడి రికార్డు చేయండి. మూత మూసి, కాసేపాగి తెరిచి మళ్లీ వినండి, నిద్ర లేచాక మూగబోయేవి చాలా ఉంటాయి. పలకని మోడల్‌ను అదే బండిలో వెనక్కి పంపండి.