షూబర్ట్‌కు సాయం అక్కర్లేదు

షూబర్ట్ ‘అసంపూర్ణ’ సింఫనీని చావు మధ్యలో ఆపేసిందని చాలామంది నమ్మకం. 31 ఏళ్లకే పోయాడు కాబట్టి కథ అతికినట్టే ఉంటుంది గానీ, తేదీలు ఒప్పుకోవు. మొదలుపెట్టింది 1822లో, కన్నుమూసింది 1828లో. ఈ మధ్యలోనే సి మేజర్ మహా సింఫనీ, ‘శీతకాల ప్రయాణం’ పాటలు 24, చివరి ఏడాదిలో ఆ అద్భుతమైన తంత్రీ క్వింటెట్ రాశాడు. తీరిక దొరక్క వదిలిన పని కాదిది. మొదటి రెండు భాగాలు ముగించి, మూడో భాగాన్ని పియానో చిత్తుగా చాలావరకు రాసి, వాద్యబృందం కోసం కొద్ది పుటలు మాత్రం నింపి పక్కన పెట్టాడు. కారణం ఆ చిత్తులోనే వినిపిస్తుందంటాను: మొదటి భాగం ఆరంభంలో చెల్లోలూ డబుల్ బాస్‌లూ అట్టడుగున ఎత్తుకునే ఆ చీకటి స్వరాల తర్వాత, రెండో భాగం చివర కుదిరిన నెమ్మది తర్వాత, ఆ మూడో భాగపు స్కెర్ట్సో చప్పగా ఉంటుంది. రాతప్రతి మిత్రుడు హ్యూటెన్‌బ్రెన్నర్ దగ్గర పడి ఉండి, 1865లో గానీ వియన్నా చెవిన పడలేదు (అన్నేళ్లు ఎందుకు అట్టిపెట్టుకున్నాడో ఆ మహానుభావుడికే తెలియాలి). 2019లో ఒక ఫోన్ కంపెనీ కృత్రిమ మేధ పుట్టించిన స్వరాలను ఓ స్వరకర్త చేత సర్దించి, మిగతా రెండు భాగాలూ ‘పూర్తి’ చేసి లండన్‌లో వాయింపించింది. ప్రచారానికి పనికొచ్చి ఉంటుంది, సంగీతానికి కాదు. పూరించాలని అంత ఉబలాటముంటే ఆయన సగంలో వదిలిన పియానో సొనాటాలు చాలానే ఉన్నాయి, వాటి మీద పడండి.