కబురు చేరిన రోజు

పండుగలు రెండు విధాలుగా పుడతాయి. ప్రభుత్వం ప్రకటించిన తరువాత ప్రజలు జరుపుకొనేవి కొన్ని. ప్రజలు తరతరాలుగా జరుపుకొంటూ రాగా ఎంతోకాలానికి ప్రభుత్వం గుర్తించేవి మరికొన్ని. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఏటా జూన్ 19వ తేదీన జరిగే బానిస విముక్తి దినోత్సవం ఈ రెండవ కోవకు చెందినది. జూన్ నెల పేరునూ, పంతొమ్మిదవది అనే అర్థంగల ఇంగ్లీషు మాటనూ కలిపి అక్కడి నల్లజాతి ప్రజలు దీనిని ‘జూన్‌టీంత్’ అని పిలుచుకొన్నారు. 1866లో మొదలైన ఈ వేడుకకు జాతీయ స్థాయిలో సెలవు లభించింది 2021లో. ఆ నూట యాభై అయిదేళ్లూ దీనిని నిలబెట్టినవారు ఊళ్లలోని సామాన్య ప్రజలే.

ఒకప్పుడు అమెరికా దక్షిణ రాష్ట్రాలలోని పత్తి, చెరకు, పొగాకు తోటలు ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన మనుషుల చాకిరితో, వారి సంతానపు చాకిరితో పండేవి. 1860 నాటి జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో దాదాపు నలభై లక్షలమంది బానిసలు ఉండేవారు. చట్టం దృష్టిలో బానిస యజమానికి ఆస్తి. గొడ్డూగోదను అమ్మినట్లు అతనిని అమ్మవచ్చు, అప్పుకు తాకట్టు పెట్టవచ్చు, వారసులకు పంచి ఇవ్వవచ్చు. తల్లిని ఒకరికీ బిడ్డను మరొకరికీ అమ్మినా అడిగే దిక్కు ఉండేది కాదు. పలు రాష్ట్రాలలో బానిసకు చదువు చెప్పడం కూడా నేరంగా ఉండేది.

బానిసత్వం కొనసాగాలని పట్టుబట్టిన దక్షిణ రాష్ట్రాలు దేశం నుంచి విడిపోవడంతో 1861లో అంతర్యుద్ధం మొదలైంది. ఆ యుద్ధం జరుగుతుండగానే, 1863 జనవరి 1న, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ తిరుగుబాటుదారుల అధీనంలోని ప్రాంతాలలో ఉన్న బానిసలందరూ స్వతంత్రులని ప్రకటించాడు. చరిత్రలో నిలిచిపోయిన ప్రకటన అది. అయితే అది వెలువడిన రాజధానికీ, అమలు కావలసిన తోటలకూ నడుమ యుద్ధభూమి ఉంది. ఉత్తరాది సైన్యం ఎంతవరకు ముందుకు సాగితే అంతవరకే ఆ ప్రకటన అమలులోకి వచ్చింది.

టెక్సాస్ రాష్ట్రం యుద్ధరంగానికి చాలా దూరం. ఉత్తరాది సైన్యం అక్కడికి పెద్దగా చేరలేదు. అందువల్ల ఇతర రాష్ట్రాల యజమానులు కొందరు తమ బానిసలను చేయి జారిపోకుండా టెక్సాస్‌కు తరలించారు కూడా. యుద్ధం ముగిసేనాటికి అక్కడ సుమారు రెండున్నర లక్షలమంది బానిసలు ఉన్నారు. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని రాబర్ట్ లీ లొంగిపోయాడు. టెక్సాస్‌లోని సేనల లొంగుబాటు జూన్ 2న గాని పూర్తి కాలేదు. ఆ తరువాత, జూన్ 19న, జనరల్ గోర్డన్ గ్రేంజర్ గాల్వెస్టన్ అనే రేవు పట్టణంలో మూడవ నంబరు ఉత్తర్వును వెలువరించాడు. బానిసలందరూ స్వతంత్రులని ఆ ఉత్తర్వు తెలియజేసింది. లింకన్ ప్రకటన జరిగి అప్పటికి దాదాపు రెండున్నర సంవత్సరాలు గడిచిపోయాయి.

ఈ కథను చెప్పేవారు సాధారణంగా ‘కబురు ఆలస్యంగా చేరింది’ అని ఊరుకొంటారు. అది సగం నిజం మాత్రమే. కబురు దానంతట అదే ఆలస్యం కాలేదు. ప్రకటన సంగతి యజమానులకు తెలుసు. బానిసలలోనూ కొందరి చెవిన అది పడింది. తెలిసినా వారు చేయగలిగినది లేదు. తోట విడిచి అడుగు బయట పెడితే పట్టి తెచ్చేవారు ఉన్నారు, రక్షణ ఇచ్చేవారు లేరు. ఉత్తర్వు వెలువడిన తరువాత కూడా, చేతికి వచ్చిన పంట ఇల్లు చేరేవరకు దానిని తమ బానిసలకు చెప్పని యజమానులు ఉన్నారు. కబురును తొక్కిపెట్టడం వల్ల వారికి లాభం ఉంది. ఒకరి హక్కు వారికి తెలియకుండా ఉన్నంతకాలం ఆ హక్కు విలువ మరొకరి జేబులోకి పోతూనే ఉంటుంది. జూన్ 19 నేర్పే మొదటి పాఠం ఇదే.

ఆ ఉత్తర్వు కూడా లోపం లేనిది కాదు. స్వేచ్ఛ లభించిందని చెబుతూనే, ఉన్నచోటనే నిశ్శబ్దంగా ఉండి పాత యజమానుల వద్ద కూలికి పనిచేసుకోవాలని అది సలహా ఇచ్చింది. సైనిక శిబిరాల వద్ద గుమికూడరాదని, పని లేకుండా కూర్చొనేవారిని పోషించబోమని హెచ్చరించింది. తరాల తరబడి ఇతరుల పొలాలను పండించినవారికి సెంటు భూమి ఇస్తామన్న మాట అందులో లేదు. దేశమంతటా బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడవ రాజ్యాంగ సవరణ 1865 డిసెంబరులో ఆమోదం పొందింది. దానిలోనూ నేరానికి శిక్షగా విధించే చాకిరిని మినహాయించారు. ఆ సందు గుండా ఖైదీలను తోటలకు, గనులకు అద్దెకు ఇచ్చే పద్ధతి పుట్టుకొచ్చింది. చిన్న చిన్న నేరాలు మోపి నల్లజాతివారిని మళ్లీ సంకెళ్లలో పనిచేయించారు.

ఇన్ని లోపాలున్న రోజును పండుగగా జరుపుకోవడం ఎందుకు అని అడిగేవారు ఉన్నారు. ప్రకటన వెలువడిన జనవరి 1నో, రాజ్యాంగ సవరణ ఆమోదం పొందిన డిసెంబరు రోజునో జరుపుకొంటే గౌరవంగా ఉంటుంది కదా, ఆలస్యాన్ని ఉత్సవంగా చేసుకోవడమేమిటి అని వారి వాదన. ఈ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. అయినా జనవరి 1న గాని, డిసెంబరు రోజున గాని ఏం జరిగింది? పెద్దలు కాగితం మీద సంతకాలు చేశారు. జూన్ 19న ఆ కాగితంలోని మాట దాని అవసరం ఉన్న మనుషుల దగ్గరకు నడిచి వచ్చింది. సంతకం చేసినవారి దృష్టితో చూస్తే మొదటి రోజులు గొప్పవి. నాగలి పట్టినవారి దృష్టితో చూస్తే ఈ రోజే గొప్పది. పండుగ ఎవరిదో వారి దృష్టితోనే దాని తేదీని నిర్ణయించడం న్యాయం.

మరుసటి సంవత్సరం నుంచే టెక్సాస్‌లోని నల్లజాతివారు ఈ రోజున ఒకచోట చేరడం మొదలుపెట్టారు. ప్రార్థనలు చేశారు, విముక్తి ప్రకటనను బిగ్గరగా చదివి వినిపించుకొన్నారు, పాటలు పాడారు, కలిసి వండుకొని తిన్నారు. ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకొన్నారు. చాలా ఊళ్లలో వారు గుమికూడడానికి స్థలమే దొరకలేదు. ఊరుమ్మడి స్థలాలలోకి వారిని రానివ్వలేదు. దానితో వాగు ఒడ్డున, చర్చి ఆవరణలో పండుగ జరుపుకొన్నారు. హ్యూస్టన్ నగరంలో జాక్ యేట్స్ అనే మతబోధకుడి నాయకత్వాన, ఒకప్పటి బానిసలే చందాలు పోగుచేసి, 1872లో పది ఎకరాల స్థలం కొన్నారు. ‘విముక్తి ఉద్యానం’ అని దానికి పేరు పెట్టారు. అది ఈనాటికీ ఉంది. కూలి డబ్బులో మిగుల్చుకొన్న నాణేలతో, సంవత్సరానికి ఒక్కరోజు జరిగే వేడుక కోసం భూమి కొన్నవారికి జ్ఞాపకం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

స్వేచ్ఛ లభించిన తరువాత వారు మొదట చేసిన పనులలో ఒకటి తమవారిని వెదుక్కోవడం. అమ్మకాలలో చెల్లాచెదరైన కుటుంబాలను కలపడానికి వారి స్థానిక పత్రికలు పూనుకొన్నాయి. అంతకుముందు పత్రికలలో బానిసల ప్రస్తావన వేరే రకంగా ఉండేది. పారిపోయిన మనిషి ఎత్తు, ఒంటి మీది మచ్చలు వర్ణించి, పట్టి ఇచ్చినవారికి బహుమానం ప్రకటించేవారు. ఇప్పుడు అవే అక్షరాలు మరో పనికి ఉపయోగపడ్డాయి. న్యూ ఆర్లియన్స్ నగరంలో వెలువడిన ‘సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వొకేట్’ అనే పత్రిక 1877లో ‘లాస్ట్ ఫ్రెండ్స్’, అంటే తప్పిపోయిన ఆప్తులు, అనే శీర్షికను ప్రారంభించింది. తల్లి పేరు, తోబుట్టువుల పేర్లు, పాత యజమాని పేరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి అమ్మారో ఆ వివరాలు రాసి పంపితే అచ్చువేసేది. చందాదారులు కానివారు అర డాలరు చెల్లించేవారు. చదవడం రానివారి కోసం ఈ ప్రకటనలను చర్చిలో అందరికీ చదివి వినిపించాలని మతబోధకులను కోరేది. విడిపోయి ముప్ఫయి నలభై ఏళ్లయిన తల్లుల కోసం, బిడ్డల కోసం రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి.

పెద్ద పత్రికలకు ఇవి వార్తలు కావు. ఒక ముసలి తల్లి తన కొడుకు కోసం వెదుక్కోవడం రాజధానిలో ఎవరికి వార్త? ఆ సమాజానికి మాత్రం అంతకు మించిన వార్త లేదు. అందుచేతనే ప్రతి సమాజానికీ తన వార్తలు తాను చెప్పుకొనే పత్రిక, తన మాట తాను వినిపించుకొనే వేదిక అవసరం. చిన్న ఊరి వార్తను చిన్నచూపు చూసేవారు, ఆ ఊరి మనుషులనే చిన్నచూపు చూస్తున్నారని గ్రహించాలి.

ఇరవయ్యవ శతాబ్దంలో టెక్సాస్ నుంచి ఎన్నో కుటుంబాలు పని వెదుక్కొంటూ ఇతర రాష్ట్రాలకు వలస వెళ్లాయి. వారి వెంట ఈ పండుగ కూడా వెళ్లింది. పక్కింటివారికి పేరైనా తెలియని పండుగను పిల్లలకు వివరించి చెప్పి నిలబెట్టుకోవలసి వచ్చింది. సొంత గడ్డకు దూరంగా స్థిరపడిన ఏ సమాజానికైనా ఇది పరిచయమైన అనుభవమే. కొంతకాలం వేడుకలు సన్నగిల్లాయి. 1960ల పౌరహక్కుల ఉద్యమం తరువాత మళ్లీ చిగురించాయి. 1979లో టెక్సాస్ శాసనసభ చట్టం చేయగా, 1980 నుంచి ఆ రాష్ట్రంలో ఇది అధికారిక సెలవు అయింది.

దేశమంతటికీ సెలవు కావాలని కృషి చేసినవారిలో ఓపల్ లీ అనే ఉపాధ్యాయురాలు ముఖ్యురాలు. ఆమెకు పన్నెండేళ్ల వయసులో, 1939లో, సరిగ్గా జూన్ 19వ తేదీననే, ఫోర్ట్‌వర్త్ నగరంలో ఆమె కుటుంబం కొత్తగా కొనుక్కొన్న ఇంటిని అల్లరిమూక ధ్వంసం చేసింది. తెల్లజాతివారి పేటలో ఇల్లు కొనడమే ఆ కుటుంబం చేసిన నేరం. ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, 2016లో, ఆమె ఫోర్ట్‌వర్త్ నుంచి వాషింగ్టన్ యాత్రకు బయలుదేరారు. దారిలో పలు నగరాలలో రెండున్నర మైళ్లు చొప్పున నడిచారు. ఆ రెండున్నర మైళ్లు, ఆలస్యమైన రెండున్నర సంవత్సరాలకు గుర్తు. 2021 జూన్ 17న అధ్యక్షుడు జో బైడెన్ సెలవు చట్టంపై సంతకం చేసినప్పుడు ఆమె అక్కడే ఉన్నారు.

సెలవు లభించడంతో పని పూర్తయిందని అనుకొంటే పొరపాటు. ప్రభుత్వం గుర్తించిన పండుగకు ఒక ప్రమాదం ఉంది. కార్యాలయాలు మూస్తారు, దుకాణాలలో పండుగ సరుకులు అమ్ముతారు, ఎందుకు సెలవో మరిచిపోతారు. వాగు ఒడ్డున ప్రకటనను చదివి వినిపించుకొన్నవారికి సెలవు లేదు, అర్థం తెలుసు. సెలవు మిగిలి అర్థం పోతే, అది ఆ పెద్దలకు చేసే అన్యాయం. ఊరివారు కూర్చొని ఆ కథను పిల్లలకు చెప్పుకొన్నంతకాలమే ఆ రోజుకు ప్రాణం ఉంటుంది.

చట్టానికీ అమలుకూ నడుమ ఉండే ఈ దూరం అమెరికాకు మాత్రమే పరిమితం కాదు. భారత రాజ్యాంగం 1950లోనే ఇరవై మూడవ అధికరణం ద్వారా వెట్టిచాకిరిని నిషేధించింది. అయినా వెట్టి కార్మిక వ్యవస్థను రద్దుచేస్తూ ప్రత్యేక చట్టం రావడానికి 1976 వరకు ఆగవలసి వచ్చింది. ఆ చట్టం ప్రకారం వెట్టికి కట్టిపడేసిన అప్పు రద్దవుతుంది. ఆ అప్పు తీర్చమని అడగడం చెల్లదు. జిల్లాలలో, సబ్‌డివిజన్లలో నిఘా సంఘాలు ఏర్పాటు చేయాలి. ఈ సంగతులు తెలియని కూలి, తాత చేసిన అప్పు కింద తన బిడ్డను కూడా పనికి పంపుతాడు. అతని దృష్టిలో ఆ చట్టం ఇంకా పుట్టనే లేదు. ఇటుక బట్టీలోనో, క్వారీలోనో పనిచేసే అటువంటివాడికి ఆ నాలుగు మాటలు అతని భాషలో చెప్పినవారు, చట్టం చేసినవారికి తీసిపోరు.

చదువుకొన్నవారి బాధ్యత ఇక్కడే ఉంది. చట్టాలు రాజధానుల భాషలో పుడతాయి. అవి బతకవలసినవి పల్లెలలో, బస్తీలలో, వలస కూలీల గుడిసెలలో. ఆ రెంటి నడుమ దూరాన్ని తగ్గించగలిగినవారు చదవడం వచ్చినవారే. పంచాయతీ నోటీసు పలక మీద అంటించిన కాగితాన్ని చదివి ఇరుగుపొరుగుకు చెప్పడం, కూలి రేటు ఎంతో తెలియనివారికి తెలపడం, దరఖాస్తు రాయలేనివారికి రాసిపెట్టడం చిన్న పనులుగా కనిపించవచ్చు. టెక్సాస్‌లో రెండున్నర లక్షలమంది అటువంటి ఒక్క మాట కోసం రెండున్నర సంవత్సరాలు ఎదురుచూశారు.